నేరానికి మూడేళ్లు, కుర్చీకి నెల

దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఇండియన్ పీనల్ కోడ్ 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిననాడు 379వ సెక్షన్ ఆ మాటే చెప్పింది. 2024 జూన్ 30న ఆ చట్టానికి కాలం చెల్లేదాకా ఆ మాటే చెబుతూ వచ్చింది. అయినా దొరల హయాంలో తాలూకా కచేరీకి ఈడ్చుకొచ్చిన చిల్లర దొంగను చూసి, ఎదురుగా కూర్చున్న మేజిస్ట్రేటు మూడేళ్లు వేస్తానంటే కుదిరేది కాదు. మామూలుగా ఆయన చేతిలో ఉండేది ఆరు నెలలు. ఇంకా కింది మెట్టువాడైతే ఒక్కటంటే ఒక్క నెల.

నేరానికి రాసిన శిక్ష గంగాళమైతే, మేజిస్ట్రేటు చేతికిచ్చింది గరిటె. ఆ గరిటె ఎంతుండాలో పీనల్ కోడ్ చెప్పదు. దాని పక్కనే ఉండే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. కోర్టు మెట్లెక్కిన చాలామందికి ఈ రెండో పుస్తకం సంగతి ఇప్పటికీ తెలియదు. ‘సెక్షన్ ఎంత?’ అని వకీలును అడుగుతారే గాని, ‘ఏ తరగతి కోర్టు?’ అని అడగరు. దొంగతనం కేసుల్లో రెండో ప్రశ్నకే బరువెక్కువ.

దీన్ని విడమరచడానికి జగర్గుండా వైపు నేల బాగా పనికొస్తుంది. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. దోర్నాపాల్ నుంచి చింతగుఫా, చింతల్‌నార్ మీదుగా వెళ్తే వస్తుంది. ఒకప్పుడు చింతపండు సంతకు పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి దక్షిణంగా దిగితే కుంట, ఆ తర్వాత శబరి ఒడ్డున చింతూరు, ఇంకా కిందికి భద్రాచలం. దోర్లా కోయల మాటలో తెలుగు కలిసిపోయిన నేల ఇది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంత చిన్న ప్రాంతంలోనే మూడు రకాల పాలనలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. బస్తర్ సంస్థానం ఒకటి, నాగపూర్ నుంచి నడిచిన సెంట్రల్ ప్రావిన్సెస్ ఒకటి, చెన్నపట్నం నుంచి నడిచిన మద్రాసు రాజధాని మరొకటి. ఒకే బిందె దొంగతనానికి మూడు చోట్ల మూడు రకాల కొలతలుండేవి.

ముందు మద్రాసు వైపు చూద్దాం. అక్కడ మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

అన్నిటికన్నా కింద ఊరి మునసబు. 1816 నాటి పదకొండో రెగ్యులేషన్ ఊరి పెద్దకు చిన్నపాటి మేజిస్ట్రేటు అధికారం ఇచ్చింది. తిట్లు, చిన్న కొట్లాటల్లాంటి వాటికి మనిషిని చావడిలో పన్నెండు గంటలకు మించకుండా కూర్చోబెట్టవచ్చు. 1821 నాటి నాలుగో రెగ్యులేషన్ ఆ అధికారాన్ని రూపాయి విలువ మించని చిల్లర దొంగతనాలకూ పొడిగించింది. వినడానికి మెత్తగానే ఉంది. కానీ 1816 రెగ్యులేషన్‌లోనే ఇంకో వాక్యం ఉంది. తప్పు చేసినవాడు ‘కింది కులాల’ వాడైతే చావడిలో కూర్చోబెట్టడానికి బదులు ఆరు గంటల దాకా బొండకొయ్య వేయవచ్చు. రెండు దుంగల మధ్య బెజ్జాల్లో కాళ్లు ఇరికించి, పైదుంగ దించి బిగిస్తారు. మనిషి లేవలేడు, పక్కకు తిరగలేడు. చావడి ముందు నుంచి ఊరంతా నడిచిపోతూ ఉంటుంది. పెద్దకులం దొంగకు చావడి అరుగు, చిన్నకులం దొంగకు బొండకొయ్య. శిక్షకు పరిమితి పెట్టిన మొదటి మెట్టు మీదే ఈ పంక్తిభేదాన్ని కూడా రాసిపెట్టారు. దొరలు మన కులాలను కనిపెట్టలేదు, నిజమే. కానీ వాటిని గంటల లెక్కన చట్టంలోకి ఎక్కించింది వాళ్లే.

రూపాయి దాటితే వ్యవహారం మునసబు చేయి దాటి మేజిస్ట్రేటు దగ్గరికి పోయేది. 1861లో మొదటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. 1872, 1882, 1898 సంవత్సరాల్లో దాన్ని తిరగరాశారు. తరగతుల పేర్లు మొదట్లో కాస్త వేరుగా ఉన్నా అంకెలు మాత్రం స్థిరపడిపోయాయి. మొదటి తరగతి మేజిస్ట్రేటుకు రెండేళ్ల జైలు, వెయ్యి రూపాయల జుల్మానా. రెండో తరగతికి ఆరు నెలలు, రెండు వందలు. మూడో తరగతికి నెల, యాభై రూపాయలు. 1898 కోడ్‌లో ఇది 32వ సెక్షన్.

ఇప్పుడు సంతలో ఒకడు రెండు రూపాయల ఇత్తడి బిందె ఎత్తుకుపోతూ దొరికాడనుకుందాం. దొంగతనం కేసును ఏ మేజిస్ట్రేటైనా విచారించవచ్చని కోడ్ చివర ఇచ్చిన పట్టికలో ఉంది. అంటే మూడో తరగతి మేజిస్ట్రేటు దగ్గరికి పోయినా తప్పులేదు. ఆయన నేరం రుజువైందన్నా నెలే వేయగలడు. పైన యాభై రూపాయలు జుల్మానా వేశాడు, బిందె ఎత్తుకుపోయినవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? కట్టలేకపోతే మళ్లీ జైలే. ఆ జైలుకు కూడా రెండు కొలతలున్నాయి. నేరానికున్న గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు మించకూడదని పీనల్ కోడ్ అంటుంది. ఆ లెక్కన తొమ్మిది నెలలు. కానీ జైలు శిక్షతో పాటు జుల్మానా వేసినప్పుడు, ఆ మేజిస్ట్రేటు వేయగలిగే జైలులో నాలుగో వంతు మించకూడదని ప్రొసీజర్ కోడ్ 33వ సెక్షన్ అంటుంది. నెలలో నాలుగో వంతు ఓ వారం. తొమ్మిది నెలలెక్కడ, వారమెక్కడ! పేదవాడి వైపు నుంచి చూస్తే 32వ సెక్షన్ కన్నా ఈ చిన్న షరతే ఎక్కువ మేలు చేసి ఉంటుందనిపిస్తుంది.

ఇంతకీ ఈ పరిమితులు ఎందుకు పెట్టారు? జాలితో కాదు. కింది మేజిస్ట్రేటు అంటే తాసిల్దారు, డిప్యూటీ తాసిల్దారు. పొద్దున శిస్తు వసూలు చేసే మనిషే మధ్యాహ్నం తీర్పు చెప్పేవాడు. ఆయన పైఅధికారి కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు. పోలీసు మీద ఆజమాయిషీ కూడా ఆయనదే. వసూలు, పట్టుకోవడం, శిక్షించడం మూడూ ఒకే గొలుసులో ఉన్నప్పుడు గొలుసు కింది కొస చేతికి పెద్ద అధికారం ఇస్తే ఏమవుతుందో ప్రభుత్వానికి తెలియక కాదు. పైగా ఆ కింది కుర్చీల్లో ఎక్కువగా భారతీయులు, పై కుర్చీల్లో ఎక్కువగా దొరలు. నమ్మకం ఎంతో అధికారం అంత. దీనికి తోడు ఇంకో సాదా కారణముంది. ప్రతి చిల్లర దొంగకూ మూడేళ్లు వేస్తే ఖైదీలను పెట్టడానికి జైళ్లు చాలవు, కూడు పెట్టడానికి ఖజానా చాలదు.

పరిమితి నిందితుణ్ణి బట్టి కూడా మారేది. దొంగ యూరోపియన్ బ్రిటిష్ ప్రజ అయితే మొఫసిల్‌లో మొదటి తరగతి మేజిస్ట్రేటుకు కూడా రెండేళ్ల అధికారం ఉండేది కాదు. మూడు నెలలతో సరి. 1883లో ఇల్బర్ట్ బిల్లు మీద కలకత్తాలో దొరలు చేసిన గోల అంతా ఇండియన్ మేజిస్ట్రేటు ఎదుట తాము నిలబడాలా అన్న దాని మీదే. రాజీ మార్గంగా 1884లో చట్టం వచ్చింది. ఈ జాతిభేదాలను చాలావరకు 1923లో తీసేశారు. మన బిందె దొంగకు ఆ గొడవతో పని లేదనుకోండి.

పరిమితికి ఒక మంచి గుణం ఉంది. అది కుర్చీ దగ్గరే ఆగదు, కేసుతో పాటు పైకి ప్రయాణిస్తుంది. మూడో తరగతి మేజిస్ట్రేటు నెల వేస్తే, శిక్ష పడినవాడు జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు విన్న అధికారి శిక్ష తగ్గించవచ్చు, కొట్టేయవచ్చు, పెంచకూడదు. ఇది 423వ సెక్షన్. పెంచే అధికారం రివిజన్‌లో హైకోర్టుకు ఉంది. అయితే మామూలు మేజిస్ట్రేటు వేసిన శిక్షను హైకోర్టు పెంచినా, మొదటి తరగతి మేజిస్ట్రేటు వేయగలిగినదాన్ని మించకూడదని 439వ సెక్షన్ కట్టడి చేసింది. మద్రాసులో కూర్చున్న హైకోర్టు జడ్జి అంతటివాడు కూడా రెండేళ్ల గీత దాటలేడన్నమాట.

విచారణ తీరును బట్టి కూడా గీత కిందికి దిగేది. యాభై రూపాయలు మించని దొంగతనాన్ని క్లుప్తంగా, సాక్ష్యం పూర్తిగా రాసుకోకుండా విచారించే అధికారం కొందరు మొదటి తరగతి మేజిస్ట్రేట్లకు ఉండేది. అలా విచారిస్తే మూడు నెలలు మించి జైలు వేయకూడదు. రాసేది తక్కువైతే వేసేదీ తక్కువ. వలస పాలన చట్టాల్లో నాకు నచ్చే కొద్ది సూత్రాల్లో ఇదొకటి. కాగితం మీద లేని సాక్ష్యాన్ని పై కోర్టు పరిశీలించలేదు. పరిశీలించలేని తీర్పు పెద్దదిగా ఉండకూడదు.

విడ్డూరమేమిటంటే దయ చూపడానికి కూడా పరిమితి ఉండేది. మొదటిసారి తప్పు చేసిన దొంగను శిక్ష వేయకుండా మంచి నడవడి పూచీ మీద వదిలేయవచ్చని 1898 కోడ్ 562వ సెక్షన్ అంది. దొంగతనం అందులో పేరుపెట్టి చెప్పిన నేరమే. కానీ ప్రత్యేకాధికారం లేని రెండో తరగతి, మూడో తరగతి మేజిస్ట్రేట్లు తమంతట తాము ఆ పని చేయకూడదు. అభిప్రాయం రాసి, కాగితాలు పై మేజిస్ట్రేటుకు పంపాలి. నెల రోజులు జైల్లో వేయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు, ఇంటికి పంపడానికి మాత్రం అడగాలి! పనుల ఒత్తిడిలో ఉన్న డిప్యూటీ తాసిల్దారు ఈ రెండిట్లో ఏది ఎంచుకుని ఉంటాడో ఊహించడం కష్టమేమీ కాదు.

ఇక గీత దాటే దారులు. ఇవి తక్కువేమీ కాదు.

మొదటిది రాచబాట లాంటి 349వ సెక్షన్. సాక్ష్యం అంతా విన్నాక కింది మేజిస్ట్రేటుకు ‘వీడు దొంగే, కానీ నా అధికారం చాలదు’ అనిపిస్తే, ఆ మాట రాసి నిందితుణ్ణి, కాగితాలను సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో జిల్లా మేజిస్ట్రేటుకో పంపవచ్చు. ఆయన కావాలనుకుంటే సాక్షులను మళ్లీ పిలవవచ్చు, అక్కర్లేదనుకుంటే ఉన్న కాగితాల మీదే శిక్ష వేయవచ్చు. సాక్షి తడబడటం చూసినవాడు ఒకరు, శిక్ష వేసేవాడు మరొకరు. ఇక్కడ కూడా చట్టం ఒక ముడి వేసింది. పై మేజిస్ట్రేటు తన మామూలు తరగతి పరిమితిని, అంటే రెండేళ్లను, మించి వేయకూడదు.

రెండోది లెక్కల దారి. ఒకే విచారణలో రెండు మూడు దొంగతనాలు రుజువైతే 35వ సెక్షన్ కింద ఒకదాని వెనక ఒకటి శిక్షలు వేయవచ్చు. మొత్తం ఆ మేజిస్ట్రేటు పరిమితికి రెట్టింపు దాటకూడదు. నెల వాడికి రెండు నెలలు, రెండేళ్ల వాడికి నాలుగేళ్లు.

మూడోది వీపు మీది దారి. 1864 నాటి కొరడా చట్టం దొంగతనానికి జైలుకు బదులు దెబ్బలు కొట్టే వీలు కల్పించింది. 1909లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. దొంగతనం అందులోనూ ఉంది. దెబ్బలు ముప్పై మించకూడదు. ఆడవాళ్లను కొట్టకూడదు. నలభై అయిదేళ్లు దాటాడని కోర్టుకు తోచిన మగవాణ్ణి కొట్టకూడదు. బెత్తం ఎంత లావుండాలో కూడా చట్టమే చెప్పింది. జైలు ఖర్చు లేని శిక్ష గనుక ఇది పాలకులకు చవక. జైలుకు బదులు ముప్పై దెబ్బలు పడితే, దాన్ని జైలుకన్నా తక్కువ శిక్ష అనగలమా? మనిషి శరీరానికీ క్యాలెండరుకూ మధ్య మారకపు రేటు చట్టం ఎక్కడా రాయలేదు. 1876–78 నాటి ధాత కరువు లాంటి కాలాల్లో ధాన్యం దొంగలెవరో ఆలోచిస్తే ఈ ప్రశ్న ఇంకా గుచ్చుకుంటుంది. స్వతంత్రం వచ్చాక 1955లో గాని కొరడా చట్టం రద్దు కాలేదు.

నాలుగోది, అన్నిటికన్నా వెడల్పైనది, పాత దొంగ దారి. పీనల్ కోడ్ 75వ సెక్షన్ ప్రకారం ఆస్తి నేరంలో ఒకసారి మూడేళ్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ శిక్షార్హమైన నేరం కింద దోషిగా తేలినవాడు అలాంటి నేరమే మళ్లీ చేస్తే, ద్వీపాంతరం దాకా లేదా పదేళ్ల జైలు దాకా వేయవచ్చు. గమనించండి, మొదటిసారి వాడికి పడింది నెలే కావచ్చు. లెక్కలోకి వచ్చేది పడిన శిక్ష కాదు, పడగలిగిన శిక్ష. మూడో తరగతి కుర్చీ ఇచ్చిన నెల రోజుల మినహాయింపు రెండోసారికి పనికిరాదు. అలాంటివాడు కోర్టు ముందుకొస్తే, తాను తగిన శిక్ష వేయలేనని మేజిస్ట్రేటుకు అనిపించినప్పుడు సెషన్స్‌కు పంపమని ప్రొసీజర్ కోడ్ 348వ సెక్షన్ చెప్పింది. బిందె దొంగ రెండోసారి చెంబు దొంగతనంతో సెషన్స్ జడ్జి ముందు నిలబడేది ఇలాగే.

అసలు దొంగతనమే రుజువు చేయనక్కర్లేని దారి ఇంకొకటి ఉంది. 110వ సెక్షన్ కింద ఫలానావాడు అలవాటు దొంగ అని చుట్టుపక్కల పేరుంటే చాలు, మంచి నడవడికి పూచీకత్తు అడగవచ్చు. ఆ పేరు ఎవరు చెబుతారు? ఊరి మునసబు, కరణం, పోలీసు. పూచీ ఇచ్చేవాడు దొరక్కపోతే జైలు. ఏడాది దాటితే సెషన్స్ జడ్జి ఆమోదం కావాలి, గరిష్ఠంగా మూడేళ్లు. దొంగతనం చేసి దొరికితే రెండేళ్లకు మించి వేయలేని మేజిస్ట్రేటు, దొంగతనం చేస్తాడేమోనన్న అనుమానం మీద మూడేళ్ల దాకా లోపల ఉంచే పనికి నాంది పలకవచ్చు. చట్టం దీన్ని శిక్ష అనదు, ముందుజాగ్రత్త అంటుంది.

దీనికి జత క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. నోటిఫై చేసిన తెగలవారు షెడ్యూల్లో రాసిన నేరాల్లో రెండోసారి దోషులైతే, ప్రత్యేక కారణాలుంటే తప్ప ఏడేళ్లకు తగ్గకుండా, మూడోసారైతే జీవితాంత ద్వీపాంతరం అంది. ఇప్పటిదాకా మనం చూసిన అంకెలన్నీ ‘ఇంతకు మించకూడదు’ అన్నవి. ఇక్కడ ‘ఇంతకు తగ్గకూడదు’ వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టింది ఈ చట్టం నీడలోనే.

ఈ మెట్లు, దారులు అన్నీ మద్రాసు లెక్క. ఇప్పుడు గోదావరి పైకి నడుద్దాం. 1860లో నిజాం నుంచి వచ్చిన గోదావరి ఎడమగట్టు తాలూకాలను అప్పర్ గోదావరి జిల్లాగా కూర్చి, సిరొంచను ముఖ్యపట్టణం చేసి, త్వరలోనే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు అందులో భాగం. 1874లో ఆ రెండిటినీ విడదీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు ఇచ్చారు. పాలనలో చిన్న సర్దుబాటు అన్నట్టే చరిత్ర పుస్తకాలు రాస్తాయి. దొంగతనం కేసులో నిలబడ్డవాడికి మాత్రం చిన్నది కాదు.

ఎందుకంటే సెంట్రల్ ప్రావిన్సెస్ ‘నాన్ రెగ్యులేషన్’ ప్రాంతం. పంజాబ్, అవధ్, అస్సాం, బర్మా, కూర్గు లాంటివి ఆ జాబితాలోవే. అక్కడ కలెక్టరు ఉండడు, డిప్యూటీ కమిషనర్ ఉంటాడు. 1872 కోడ్ 36వ సెక్షన్, తర్వాతి కోడ్‌లలో 30వ సెక్షన్ అలాంటి చోట్ల ప్రభుత్వానికి ఒక వీలు ఇచ్చాయి. జిల్లా మేజిస్ట్రేటుకు మరణశిక్ష లేని నేరాలన్నీ విచారించే అధికారం అప్పగించవచ్చు. అలా అప్పగిస్తే ఆయన ఏడేళ్ల దాకా జైలు వేయవచ్చు. మద్రాసు వైపు రెండేళ్లు దాటాలంటే కేసు సెషన్స్‌కు పోవాలి. అంటే ఇంకో అధికారి, ఇంకో విచారణ, ఎసెసర్లో జ్యూరీయో. ఈ వైపు అదే కుర్చీలో, అదే మనిషి, ఏడేళ్లు. శిస్తు, పోలీసు, అడవి చూసుకునే అధికారి చేతిలోనే. 1898 కోడ్ ప్రకారం నాలుగేళ్లు దాటితే అప్పీలు నేరుగా హైకోర్టుకు పోతుంది. అంతవరకు ఊరట.

ఇంట్లో దూరి చేసిన దొంగతనానికి 380వ సెక్షన్ కింద గరిష్ఠం ఏడేళ్లు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఒకే అధికారి ఆ ఏడేళ్లూ వేయగలడు, మద్రాసు వైపు మేజిస్ట్రేటు వేయలేడు. 1873లో భద్రాచలంలో ఇల్లు దూరినవాడికీ 1875లో దూరినవాడికీ నేరం ఒకటే, సెక్షన్ ఒకటే, ఊరూ ఒకటే. మారింది ఊరు ఏ పాలన కింద ఉందన్నది మాత్రమే. అడవి, కొండ ప్రాంతాలకు మద్రాసు కూడా ఇలాంటి మినహాయింపే వాడింది. గంజాం, విశాఖ కొండల్లో 1839 నాటి ఇరవై నాలుగో చట్టం కింద కలెక్టరే గవర్నరు ఏజెంటు, సివిల్ క్రిమినల్ అధికారాలు రెండూ ఆయనవే. మైదానంలో విడగొట్టిన అధికారాలను కొండెక్కగానే మళ్లీ ఒక చోట కూర్చేవారు. ‘వెనకబడ్డ’ వాళ్లకు సూటి పాలన కావాలన్నది పైకి చెప్పిన కారణం. మైదానం రైతుకు అవసరమైన కట్టడి కొండ కోయకు ఎందుకు అక్కర్లేదో ఎవరూ వివరించలేదు.

జగర్గుండా వైపు ఇంకో లెక్క. బస్తర్ బ్రిటిష్ ఇండియా కాదు, సెంట్రల్ ప్రావిన్సెస్ అధికారుల కనుసన్నల్లో నడిచిన ఫ్యూడేటరీ సంస్థానం. బ్రిటిష్ కోడ్‌లు అక్కడ వాటంతటవే చెల్లవు. పరిమితి మేజిస్ట్రేటు తరగతుల మీద కాదు, ఏకంగా రాజు మీదే. ఉరిశిక్ష వేయాలంటే పై బ్రిటిష్ అధికారి ఆమోదం కావాలన్నది ఒప్పందంలో భాగం. అయితే ఈ పరిమితులు పెద్ద నేరాల గురించి. బిందె దొంగతనం అక్కడిదాకా పోదు. రాజు కింద సుక్మా, చింతల్‌నార్, భోపాలపట్నం లాంటి జమీందారీలు, వాటి కింద ఊరి పెద్దలు, మాంఝీలు. ఊళ్లో దొంగతనం జరిగితే పంచాయితీ కూర్చుని తప్పు కట్టించి, సొమ్ము తిరిగి ఇప్పించి, అందరికీ భోజనం పెట్టించి తేల్చుకునే పద్ధతి కోయ, దోర్లా ఊళ్లలో పాతదే. దాని పరిమితి ఊరి సమ్మతి. ఆ పంచాయితీలన్నీ న్యాయంగా సాగాయని నేననను. కానీ వాటి చేతిలో జైలు లేదు.

దొంగతనం అంటే ఏమిటన్నదే అక్కడ అసలు తగువు. 1859లో హైదరాబాద్ కాంట్రాక్టర్లు దక్షిణ బస్తర్ అడవులు కొట్టుకుపోతుంటే ఫుత్కేల్, భేజ్జి, భోపాలపట్నం వైపు కోయలు తిరగబడ్డారు. వాళ్ల దృష్టిలో దొంగ ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత అడవిని రిజర్వు చేయడం మొదలుపెట్టాక దొంగ స్థానం తారుమారైంది. నిన్నటిదాకా తెచ్చుకున్న కట్టె ఇవాళ సర్కారు సొత్తు. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటుకు అడవుల రిజర్వేషను, వెట్టి ముఖ్యమైన కారణాల్లో ఉన్నాయి. శిక్షకు ఎన్ని పరిమితులు పెట్టినా నేరానికి హద్దు గీసేది మరొకరైతే ఏం లాభం అన్నది ఆ తిరుగుబాటు వేసిన ప్రశ్నల్లో ఒకటి.

1948లో బస్తర్ విలీనమైంది, ఆపైన దేశమంతటి కోడే దానికీ కోడ్. 1973లో కొత్త ప్రొసీజర్ కోడ్ వచ్చి పాత మెట్లను సరిచేసింది. మూడో తరగతి పోయింది. శిక్ష వేసే పని రెవెన్యూ అధికారుల చేతి నుంచి తీసి హైకోర్టు కింద ఉండే న్యాయ మేజిస్ట్రేట్లకు అప్పగించారు. మొదటి తరగతికి మూడేళ్లు, రెండో తరగతికి ఏడాది, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు ఏడేళ్లు. 111 ఏళ్ల తర్వాత దొంగతనం సెక్షన్, మొదటి తరగతి కుర్చీ ఒకే అంకె దగ్గర కలిశాయి. నాన్ రెగ్యులేషన్ జిల్లాలకు ప్రత్యేకించిన ఏడేళ్ల అధికారం రెవెన్యూ బంధం తెంచుకుని దేశంలో అన్ని జిల్లాలకూ వచ్చింది. కేసును పై మేజిస్ట్రేటుకు పంపే పాత 349వ సెక్షన్ మాత్రం 325గా బతికే ఉంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ 364గా ఉంది. జైలు పరిమితులు అవే. కొత్త భారతీయ న్యాయ సంహిత చేర్చిన మంచి మాట ఒకటుంది. 5,000 రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు సొమ్ము గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. కోయ పంచాయితీ పెద్దకు ఇది కొత్తగా అనిపించదు.

ఇన్ని పరిమితుల మధ్య వలస కాలపు కోడ్ ఒక కాలాన్ని లెక్కే పెట్టలేదు. అది తీర్పుకు ముందు కాలం. విచారణ కోసం జైల్లో ఉన్న రోజులను శిక్షలోంచి తీసేయాలన్న నియమం 1898 కోడ్‌లో లేదు. మూడు నెలలు రిమాండులో మగ్గి, తీర్పు రోజున నెల శిక్ష విన్నవాడు ఆ నెల మళ్లీ మొదటి నుంచి గడపాలి, మేజిస్ట్రేటు దయతలచి తగ్గిస్తే తప్ప. 1973 కోడ్ 428వ సెక్షన్ ఆ రోజులను మినహాయించమని చెప్పింది. 2005లో వచ్చిన 436ఎ సెక్షన్, గరిష్ఠ శిక్షలో సగం కాలం రిమాండులో గడిచిపోతే పూచీ మీద వదలమంది.

దోర్నాపాల్ నుంచి జగర్గుండా పోయే అదే దారిలో బుర్కాపాల్ ఉంది. 2017 ఏప్రిల్‌లో అక్కడ 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయిన దాడి కేసులో పట్టుకున్న ఆదివాసులు 121 మందిని, అయిదేళ్ల తర్వాత 2022 జూలైలో దంతెవాడ ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా వదిలింది. అది దొంగతనం కేసు కాదు, ఇక్కడ చెప్పిన పరిమితులు దానికి వర్తించవు. శిక్షలోంచి తీసేయడానికి వాళ్లకు శిక్షే లేదు. సగం కాలం నియమం ఆదుకోలేదు, మరణశిక్షకు వీలున్న నేరాలకు అది మొదటి నుంచీ వర్తించదు.

చిల్లర దొంగకు కొత్త సంహిత 479వ సెక్షన్ ఆ సగాన్ని ఇంకా తగ్గించింది. మునుపెన్నడూ శిక్ష పడనివాడైతే గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిచాక వదలాలి. మామూలు దొంగతనానికి అది ఏడాది. జైలు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు పెట్టాలి, ఖైదీ వకీలును వెతుక్కోనక్కర్లేదు. కానీ అదే సెక్షన్‌లో రెండో ఉపసెక్షన్ ఉంది. ఒకటికన్నా ఎక్కువ కేసులు నడుస్తుంటే ఈ నియమం కింద విడుదల లేదు. రెండు బిందెల మీద రెండు కేసులు రాసి ఉంటే మూడో వంతూ లేదు, సగమూ లేదు. ఆ రెండిట్లో ఏ ఒక్కటీ ఇంకా రుజువు కాకపోయినా సరే.